పీఎల్-480 గోధుమలు: సాయమా, పగ్గమా?

మా నానమ్మ గోధుమ రొట్టె చూస్తే ఇప్పటికీ మొహం తిప్పుకుంటుంది. 1966లో పీఎల్-480 (అమెరికా ఆహార సాయ చట్టం) కింద వచ్చి రేషన్‌లో ఇచ్చిన అమెరికా గోధుమలను చేటలో పోసి పురుగులు ఏరి, ఎండబెట్టి మర పట్టించేవారట. అన్నానికి అలవాటుపడిన నోళ్లకు ఆ రొట్టె గొంతు దిగేది కాదట. తాతయ్యదేమో వేరే పాట: "ఆ ఓడలు రాకపోతే మనం ఉండేవాళ్లమా?"

ఈ తగవు తీర్చబోయి నేనే చిక్కుకున్నాను. వరుసగా రెండేళ్లు కరువు వచ్చిన ఆ రోజుల్లో అమెరికా అధ్యక్షుడు జాన్సన్ ప్రభుత్వం దీర్ఘకాలిక ఒప్పందం పక్కనపెట్టి, నెలనెలా లెక్కచూసి గింజలు వదిలింది. వియత్నాం యుద్ధాన్ని మనం విమర్శించినందుకు ఓడలు ఆలస్యమయ్యాయంటారు. వ్యవసాయాన్ని పట్టించుకోమని ఒత్తిడి చేయడానికే అలా చేశారని ఇంకొందరు. రెండూ నిజమేనేమో!

నాకు అర్థం కానిది డబ్బు సంగతి. మనం రూపాయల్లోనే చెల్లించాం, ఆ రూపాయలు అమెరికా ఖాతాలో ఇక్కడే ఉండిపోయాయి. వాటితోనే 1960లలో తెలుగు పుస్తకాలు కొని అమెరికా గ్రంథాలయాలకు పంపారు (అన్నం లేని చోట పుస్తకాల బేరం, విచిత్రం కదా). మిగిలినదాంట్లో చాలా భాగం 1974లో అమెరికా వదులుకుంది. అలాంటప్పుడు దీన్ని అమ్మకం అనాలా, దానం అనాలా? ఆర్థికశాస్త్రం తెలిసినవారు కాస్త విడమరచి చెప్పగలరా?

వయ్యారిభామ కలుపు ఆ గోధుమలతోనే వచ్చిందన్న మాటకు గట్టి ఆధారం ఉందా? అప్పట్లో రేషన్ వరుసలో నిలబడినవారు ఎవరైనా ఉంటే, మీ ఇంట్లో ఆ పిండితో ఏం వండేవారో కూడా రాయండి.