ఏడో భాగంలో ప్రేమ పుట్టించాను, ఎవరూ నమ్మట్లేదు

రాయదుర్గం రాతగాడు:
సాఫ్ట్‌వేర్ ఆఫీసు కథ ఒకటి సీరియల్‌గా రాస్తున్నానండీ. హీరోయిన్ టెస్టర్, హీరో డెవలపర్, రాయదుర్గం మెట్రో దగ్గర ఒకే ఆఫీసు, ఒకే ఫ్లోరు. ఆమె అతని ప్రోగ్రామ్‌లో తప్పు పట్టుకుని బగ్ వేస్తుంది, అతను "నా మెషీన్‌లో బాగానే వస్తోంది" అని మూసేస్తాడు, ఆమె మళ్ళీ తెరుస్తుంది. ఆరు భాగాలు ఇదే గొడవ, జనం ఎగబడి చదివారు. ఏడో భాగంలో వాన, క్యాబ్ దొరకలేదు, ఒకే గొడుగు, ప్రేమ. కామెంట్లలో ఉతికి ఆరేశారు. "నిన్నటిదాకా మొహం చూడనిది ఇవాళ గొడుగు కిందకి ఎలా దూరింది" అని ఒకావిడ అడిగారు, నా దగ్గర జవాబు లేదు. ఎక్కడ తప్పింది?

పాత పుస్తకాలు:
వానని ఏమీ అనకండి పాపం. ఆరు భాగాలు కొట్టుకున్నారు కానీ ఆ గొడవ ఉన్నచోటే ఉంది, అదీ లోటు. పోట్లాడుతూ ఉండగానే ఒకరి పనితనం ఇంకొకరికి కనబడాలి. రిలీజ్ ముందు రాత్రి ఆమె పట్టుకున్న బగ్ వల్ల కస్టమర్ల డబ్బు రెండుసార్లు కట్ అవ్వడం తప్పిందనుకోండి. అతను థాంక్స్ చెప్పకూడదు. కానీ మర్నాటి నుంచి ఆమె వేసిన ఏ బగ్‌నీ నడిపి చూడకుండా మూయడు. ఆ సంగతి ఆమె గమనిస్తుంది, గమనించానని ఎవరికీ చెప్పదు. ప్రేమ అక్కడ మొదలైందని పాఠకులకి తెలిసిపోతుంది, వాళ్ళకి మాత్రం ఇంకో నాలుగు భాగాల దాకా తెలియక్కర్లేదు.
1955లో వచ్చిన మిస్సమ్మ మళ్ళీ ఒకసారి చూడండి. భార్యాభర్తలకే ఇస్తామన్న టీచర్ ఉద్యోగాల కోసం ఇద్దరు నిరుద్యోగులు మొగుడూపెళ్ళాలుగా నటిస్తారు. ఆమెకి అతనంటే ఎంత చిరాకున్నా వదిలేసి పోలేదు, జీతం కావాలి. మీ వాళ్ళని ఒకే చోట కట్టేస్తున్నది ఏమిటి? టీమ్ మారిపోతే పీడా పోతుంది కదా!

బగ్ రాణి:
టెస్టింగ్‌లో ఎనిమిదేళ్ళుగా ఉన్నాను. "నా మెషీన్‌లో వస్తోంది" మాకు రోజూ వినే జోకు, దానికి పగలు రావు. నిజంగా ఎక్కడ మండుతుందంటే, మీటింగ్‌లో మేనేజర్ ముందు "ఇది బగ్ కాదు, ఆవిడకి రిక్వైర్‌మెంట్ అర్థం కాలేదు" అన్నప్పుడు. ఆ ఒక్క ముక్క అప్రైజల్ దాకా వెంటాడుతుంది. మీ హీరో చేత అది అనిపించండి, తర్వాత తప్పు తనదేనని అతనికి తెలియాలి, సారీ అదే మీటింగ్‌లో అంతమంది ముందూ చెప్పాలి. క్యాంటీన్‌లో పక్కకి పిలిచి చెప్పే సారీలు నేను చాలా చూశాను, వాటితో ఏ ఆడపిల్లా ప్రేమలో పడదు.

అర్ధరాత్రి క్యాబ్:
ఒక్కటే మాట, హీరోకి ప్రమోషన్ ఇచ్చి ఆమెకి మేనేజర్‌ని చేయకండి. యద్దనపూడి సులోచనారాణి గారి సెక్రటరీ మా అమ్మకి ప్రాణం, నాకూ ఇష్టమే, అక్కినేని, వాణిశ్రీలతో 1976లో సినిమా కూడా అయింది. కానీ ఆ కాలం వేరు. పని చోట వేధింపుల మీద 2013లో చట్టం వచ్చాక, పదిమంది, ఆపైన పనిచేసే ప్రతి ఆఫీసులో ఫిర్యాదుల కమిటీ ఉండి తీరాలి. రేటింగ్ ఇచ్చేవాడే వెంటపడితే ఇవాళ చదివేవాళ్ళకి అది రొమాన్స్‌లా కాదు, ఆ కమిటీకి వెళ్ళాల్సిన కేసులా కనిపిస్తుంది. ఇద్దరూ సమానంగా ఉంటేనే తిట్టుకున్నా బాగుంటుంది.

రాయదుర్గం రాతగాడు:
అయ్యో, ఎనిమిదో భాగంలో అతనికి ప్రమోషనే రాశాను! ఇంకా పోస్ట్ చేయలేదు కాబట్టి బతికిపోయాను. మీటింగ్ సీను మూడో భాగంలోకి ఎక్కిస్తాను, రాణి గారూ, మీ డైలాగు వాడుకుంటున్నా, ఏమీ అనుకోకండి. గొడుగు మాత్రం తీసేయబుద్ధి కావట్లేదు.

బగ్ రాణి:
వాడుకోండి. గొడుగు ఉంచండి, కానీ అది ఆమెది. అతను పక్కన తడుస్తూ నడవాలి, పదో భాగం దాకా.