పవనాంధోలోకమా, పవనాందోళలోకమా?

పులికాట్ పిట్ట: 2023 అక్టోబర్ 21న గగన్‌యాన్ టీవీ-డీ1 పరీక్ష, అంటే వ్యోమగాములు కూర్చునే పెట్టెను ఆపదలో రాకెట్ నుంచి విడదీసి కాపాడే పరీక్ష, లైవ్ చూశాం. 5 సెకన్లుందనగా ఆగిపోతే ఒకటే టెన్షన్. 10 గంటలకు రాకెట్ ఎగిరి, దాదాపు 17 కి.మీ. ఎత్తున విడిపోయిన పెట్టె పారాచూట్లతో ఊగుతూ సముద్రంలోకి దిగుతుంటే గంగ మెట్టుమెట్టుగా కిందికి దిగే పద్యం, "ఆకాశంబున నుండి శంభుని శిరంబందుండి" నోటికొచ్చింది. మూడో పాదంలో గంగ చివరికి చేరే "పవనాంధోలోకము"ని మా నాన్న "పవనాందోళ" అనేవారు, గాలికి ఊగే లోకమని. నిజమేనా?

పాత పంతులు: కాదమ్మా, ఒత్తు ధ. పవనమే అంధస్సు, అంటే గాలే అన్నం. గాలి తిని బతికేవి పాములు, వాటి లోకం పాతాళం. భర్తృహరి సంస్కృత శ్లోకాన్ని ఈ పద్యంగా తెలుగు చేసిన ఏనుగు లక్ష్మణకవి సొగసంతా ఆ మాటలోనే ఉంది.

శార్దూలం: "ఆందోళ" అంటే గణం, అంటే గురులఘువుల వరస, కూడా చెడుతుంది. ధో-లో-క తగణం (రెండు గురువులు, ఒక లఘువు), మధ్యలో ళ పట్టదు. కానీ మాస్టారూ, యతి, అంటే పాదం మొదటి అక్షరంతో కలవాల్సిన చోటు, సరిగ్గా ఆ అక్షరం మీదే ఉంది, పాదం మొదటి స్తోకు ధో. దో అన్నా యతి చెల్లుతుంది. ఒత్తుకి అది సాక్ష్యం కాదు.

పాత పంతులు: అర్థమే సాక్ష్యం నాయనా. ఇంకో సంగతి, భర్తృహరి శ్లోకంలో గంగ "జలధిం"తో, అంటే సముద్రం దగ్గరే, ఆగింది. పాతాళం దాకా దింపింది మన కవే.

కృష్ణాతీరం: భర్తృహరినే తెలుగు చేసిన ఏలకూచి బాలసరస్వతి అనువాదం దగ్గరున్నవాళ్లు ఆ పద్యం పెట్టండి, పోల్చి చూద్దాం. ఆకాశమంటే నాకు మాత్రం పోతనే, "అలోకంబగు పెంజీకటి కవ్వల", లోకాలన్నీ పోయాక మిగిలే పెద్ద చీకటికి ఆవల. ఉపగ్రహాన్ని పంపేముందు థర్మోవాక్ గదిలో, అంటే అంతరిక్షంలాంటి శూన్యంలో పరీక్షించే గదిలో పెట్టి, గాలంతా తోడేసి, గోడల్ని ద్రవ నైట్రోజన్‌తో చల్లబరుస్తారు. గాలి మోసుకుపోయే వేడి ఉండదు, ఒంట్లోంచి కిరణాలుగా పోవాల్సిందే. ఆ గదిని పెంజీకటి అనాలని నా కోరిక.

శార్దూలం: పోతన చెప్పిన వెలుగు చీకటికి అవ్వల ఉంది. మీ ఉపగ్రహం లోపలే ఉంది కదండీ!

కృష్ణాతీరం: లోపల తట్టుకుంటేనే కదా అవ్వలికి పంపేది.

పులికాట్ పిట్ట: అసలు సంగతి అడగనేలేదు. 2025 ఆగస్టు 24న చినూక్ హెలికాప్టర్ నుంచి 4.8 టన్నుల నమూనా పెట్టెను సుమారు 3 కి.మీ. ఎత్తున వదిలి పారాచూట్లు పరీక్షించారు. పాప స్కూలు చార్టు మీద ఆ బొమ్మ కింద పద్యంలోని "సంపాతం" అని రాయొచ్చా?

పాత పంతులు: వద్దమ్మా. పద్యం చివర "వివేకభ్రష్ట సంపాతముల్" అని ఉంది, అది వివేకం పోయినవాళ్ల పతనం. అవతరణం అని రాయించు.

శార్దూలం: భ్రష్టత్వం పక్క మాటది, సంపాతానిది కాదు. నేనైతే రాస్తాను.

పులికాట్ పిట్ట: పాప "దిగుడు" చాలంటోంది.

కృష్ణాతీరం: మంచి మాట! దిగుడుబావిలో దిగుడు అంటే దిగడమా, మెట్టా?