12వ శతాబ్దపు ఇంగ్లండు మఠం మీద నాటిక: అబాట్‌ని "మఠాధిపతి" అంటే సరిపోతుందా?

నాగావళి గట్టు:
విజయనగరంలో కాలేజీల నాటిక పోటీకి గంట నిడివి స్క్రిప్టు తయారవుతోంది. కథ 12వ శతాబ్దపు ఇంగ్లండులో ఒక క్రైస్తవ మఠంలో జరుగుతుంది. పాత అబాట్ పోతాడు, కొత్తవాణ్ని ఎన్నుకోవాలి, మఠం చూస్తే పీకల్లోతు అప్పుల్లో ఉంటుంది. పాత్రలు ఆరు. ప్రస్తుతానికి అబాట్‌ని "మఠాధిపతి" అనీ మిగతావాళ్లని "శిష్యులు" అనీ రాశాం. కాషాయం, నున్నటి గుండు, చేతిలో జపమాల. చదివినవాళ్లు "ఇంగ్లండేటి, ఇది మన పక్కూరి మఠంలా ఉందే" అంటున్నారు. ఏం మార్చాలి? ఇంకో సందేహం: సన్యాసికి సొంత ఆస్తే ఉండదు కదా, మరి మఠం అప్పుల్లోకి ఎలా పోతుంది?

శాసనాల పిచ్చి:
"మఠాధిపతి" తప్పేం కాదు, వాడుకోండి. కానీ తేడాలు మాటల్లో తెలియాలి. అరమాయిక్‌లో "అబ్బా" అంటే తండ్రి, అబాట్ అనే మాట అక్కడి నుంచే వచ్చింది. మన బైబిల్లో "అబ్బా, తండ్రీ" అనే చోట ఉన్నదీ అదే. మన "అబ్బ"కీ అర్థం తండ్రే గానీ అది కేవలం పోలిక, చుట్టరికం కాదు. అయినా నాటికలో ఎవడో ఒకడు "ఇదేమైనా నీ అబ్బ సొమ్మా" అంటే హాలంతా నవ్వుతుంది.

అసలు తేడా వారసత్వంలో ఉంది. మన మఠాల్లో మామూలుగా గురువే ఉత్తరాధికారిని నిర్ణయించి సన్యాసం ఇస్తాడు. అక్కడి మఠాలు పాటించింది 6వ శతాబ్దంలో ఇటలీ సన్యాసి బెనెడిక్టు రాసిన నియమావళి, దాని ప్రకారం అబాట్‌ని సన్యాసులే ఎన్నుకోవాలి. పైగా ఎక్కువమంది మాటే చెల్లాలని లేదు, తక్కువమందే అయినా వివేకం ఉన్నవాళ్ల మాట చెల్లవచ్చు. తగాదాలన్నీ ఈ ఒక్క వాక్యం దగ్గరే పుట్టాయి, వివేకం ఎవరిదో తేల్చేదెవరు? ఎన్నికయ్యాక మాత్రం అందరూ అతని మాటకి లోబడాల్సిందే. పెద్ద విషయమైతే అందరినీ పిలిచి అడగాలి, చిన్నవాళ్లనీ వదలకూడదు, ఆ తర్వాత నిర్ణయం అతనిదే.

రెండో తేడా: మన సన్యాసి చాతుర్మాస్యం తప్పిస్తే ఒకచోట నిలవడు. బెనెడిక్టు సన్యాసి చేరిన మఠంలోనే చచ్చేదాకా ఉంటానని ప్రమాణం చేస్తాడు. కాబట్టి మీ పాత్ర "నేను వేరే మఠానికి పోతాను" అని తేలిగ్గా అనకూడదు. ఆ మాట పెద్ద బెదిరింపు కింద లెక్క.

మీ కథకి అచ్చంగా సరిపోయే ఎన్నిక ఇంగ్లండులోని బరీ సెయింట్ ఎడ్మండ్స్ మఠంలో జరిగింది. అక్కడి సన్యాసి జోస్లిన్ దాన్ని రాసిపెట్టాడు. 1180లో అబాట్ హ్యూ చనిపోయాడు. కొత్తవాడు వచ్చేదాకా అబాట్ వాటా రాబడి రాజుకే పోతుంది, అందుకని రాజుకి తొందర లేదు. 1182లో 13 మంది సన్యాసులు రాజు రెండో హెన్రీ దగ్గరికి బయల్దేరారు. అంతకుముందే ఆరుగురు పెద్దలు సువార్త మీద ప్రమాణం చేసి, రహస్యంగా మూడు పేర్లు రాసి, ముద్ర వేసి వాళ్ల చేతికిచ్చారు. మోసుకెళ్లేవాళ్లకే లోపల ఎవరి పేరుందో తెలియదు. రాజు ముందు విప్పితే అందులో సామ్సన్ పేరుంది, చివరికి అతనే అబాట్ అయ్యాడు. ముద్ర వేసిన ఆ పత్రం దారి పొడుగునా కనిపించేలా సీను నడపండి.

తెర వెనక:
వేషం సంగతి నేను చెబుతాను. బెనెడిక్టు సన్యాసులకి నల్ల అంగీ, తలకప్పు. తెల్లది వేస్తే సిస్టర్షియన్లు అనుకుంటారు, అది 1098లో మొదలైన వేరే శాఖ. నున్నటి గుండు వద్దు, నడినెత్తి మాత్రం గొరిగి చుట్టూ జుట్టు వలయంలా వదలాలి. గడ్డం తీసేయాలి. జపమాల మానేసి కీర్తనల పుస్తకం ఇవ్వండి. 150 కీర్తనలూ వారంలో పూర్తి చేయాలని నియమం.

రాత్రి సీనులో అందరూ ఒకే పెద్ద గదిలో, ఎవరి మంచం వాళ్లది, బట్టలతోనే, నడికట్టు కట్టుకునే పడుకుంటారు. నడుముకున్న చాకు మాత్రం తీసి పక్కన పెట్టాలి, నిద్రలో గుచ్చుకుంటుందని నియమావళిలోనే ఉంది. తెల్లవార్లూ ఒక దీపం వెలుగుతుంది. చలికాలంలో సుమారు రాత్రి రెండింటికి లేచి ప్రార్థనకి వెళ్తారు.

భోజనం దగ్గర అందరూ తప్పు చేస్తారు. బంగాళదుంప, టమాటా, మిరపకాయ బల్ల మీద కనిపించకూడదు, అవి అమెరికా నుంచి వచ్చినవి, 1492కి ముందు యూరప్‌లో లేవు. రొట్టె, చిక్కుడు గింజలు, క్యాబేజీ, చీజ్, చేపలు పెట్టండి. ముళ్ల చెంచాలు వద్దు. నియమం ప్రకారం మనిషికి రోజుకి ఒక పౌను బరువు రొట్టె, వండిన కూరలు రెండు. రెండు పూటలు తినే రోజైతే ఆ రొట్టెలో మూడో వంతు రాత్రికి దాస్తారు. తింటుంటే ఒకడు పైకి చదవాలి, మిగతావాళ్లు నోరు మెదపకూడదు. ఏదైనా కావాలంటే సైగే. ఫ్రాన్సులోని క్లూనీ మఠం సైగల్లో రొట్టెకి రెండు బొటనవేళ్లూ రెండు చూపుడువేళ్లూ కలిపి గుండ్రంగా చూపాలి. చేపకి చెయ్యి తోకలా ఊపాలి. మాట లేకుండా సైగలతోనే దెబ్బలాట పెడితే బ్రహ్మాండంగా పండుతుంది.

నాగావళి గట్టు:
సైగల దెబ్బలాట ఖాయం! అప్పు సంగతి ఎవరూ చెప్పలేదు.

శాసనాల పిచ్చి:
సన్యాసికి ఆస్తి లేదు, మఠానికి ఉంది. చిక్కంతా ఆ సందులోనే. ఒకరు తిండి చూస్తారు, ఒకరు బట్టలు, సాక్రిస్ట్ అనేవాడు గుడి, దీపాలు, కట్టడాలు చూస్తాడు. ఎవరి శాఖకి వాళ్ల భూములు, వాళ్ల రాబడి. ఎవరికి వాళ్లకి ముద్ర కూడా ఉండేది. ఆ ముద్ర గుద్దితే పత్రం చెల్లుతుంది, అప్పు పుడుతుంది, పక్క శాఖకి తెలియదు. బరీలో సాక్రిస్ట్ ఒక గది బాగుచేయడానికి వడ్డీకి 40 మార్కులు తెచ్చాడు. మార్కు అంటే పౌనులో మూడింట రెండు వంతులు, అంటే దాదాపు 27 పౌన్లు. అది పెరిగి 100 పౌన్లయింది. ముసలి అబాట్ హ్యూకి చూపు మందగించింది, చుట్టూ ఉన్నవాళ్లు చెప్పిందే లెక్క.

సామ్సన్ వచ్చాక ముద్రలన్నీ పట్రమ్మన్నాడు. 33 తేలాయి! ప్రయర్ (అబాట్ తర్వాతి పెద్ద), మఠం ఒప్పుకోకుండా ఎవరూ పౌనుకి మించి అప్పు చేయకూడదని కట్టడి చేశాడు. స్టేజీ మీద ఒక్కొక్కడూ వచ్చి బల్ల మీద ముద్ర టక్కున పెట్టి పోతే చాలు, డైలాగు అక్కర్లేదు. సామ్సన్‌ని మరీ దేవుణ్ని చేయకండి. లెక్కలు బాగుపడ్డాయి గానీ పాత అధికారులకి చేయి ఆడక చాటున గొణిగారు.

వంశధార:
ఇంకో సంగతి చేరుస్తాను. అక్కడి మఠానికి యుద్ధంతోనూ సంబంధం ఉండేది, అది మన ప్రేక్షకులకి కొత్త అనుకోకండి. బరీ అబాట్ రాజుకి 40 మంది నైట్ల (గుర్రపు యోధుల) సేవ బాకీ. మన శ్రీకూర్మంలో శక 1203, అంటే 1281 నాటి శాసనం చూడండి. మధ్వాచార్యుల శిష్యుడు నరహరి తీర్థులు కూర్మనాథుని ఎదుట యోగానంద నరసింహుణ్ని ప్రతిష్ఠించారని, శబరులనే అడవి తెగ దాడి నుంచి శ్రీకూర్మాన్ని కాపాడారని అందులో ఉంది. పీఠం, కత్తి ఒక్క చేతిలో ఉండడం ఆ కాలానికి వింత కాదు.

దీపం సంగతీ అంతే. శ్రీకూర్మం శాసనాల్లో శ్రీభండారంలో (గుడి ఖజానాలో) గండమాడలు అనే బంగారు నాణేలు పెట్టి అఖండదీపం నిలిపినవాళ్లు బోలెడుమంది. సొమ్ము చెల్లించిన దీపం ఆరకూడదు, అక్కడా అదే నమ్మకం. బరీలో ఆ నమ్మకమే కొంప ముంచింది. 1198లో సెయింట్ ఎడ్మండ్ సమాధి పక్క చెక్కవేదిక మీద కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. కాపలావాళ్లు ఆ వేదిక కిందే నార, దారం, మైనం కుక్కి ఉంచారు. కొవ్వొత్తి ఒకటి వాలి రాత్రి నిప్పంటుకుంది. ప్రార్థనకి గడియారం మోగడం, ఒకడు లేచి చూడడం. కొందరు బావికి పరిగెత్తారు, కొందరు గడియారం దగ్గరికి. అది నీళ్ల గడియారం మరి! స్టేజీ మీద నీళ్లు నింపిన ఇత్తడి గంగాళం ఒకటి ముందు సీను నుంచే పెట్టి ఉంచండి.