విదేశీ మేనేజర్‌తో మాట్లాడేటప్పుడు చూపు ఎక్కడ పెట్టాలి?

గాజువాక అమ్మాయి:
అచ్యుతాపురం దగ్గర ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీలో చేస్తున్నాను. మా పై మేనేజర్ అమెరికా ఆయన, వీడియో కాల్‌లోనే మాట్లాడతారు. ఈసారి అప్రైజల్‌లో "సూటిగా చూడదు, ఆత్మవిశ్వాసం తక్కువ" అని రాశారు. నా రిపోర్టుల్లో ఒక్క అంకె కూడా తప్పు పట్టలేదు. ఆయన గట్టిగా అడిగితే నా తల దానంతట అదే దిగిపోతుంది. మా ఇంట్లో నాన్నగారు కోప్పడేటప్పుడు తలెత్తి చూస్తే "ఏంటా గుడ్లురమడం?" అంటారు మరి. వచ్చే నెల జపాన్ నుంచి ఆడిట్‌కి వస్తున్నారు. వాళ్ళ ముందు ఎలా ఉండాలో తెలియక ఒకటే టెన్షన్.

ఓడ ఇంజినీరు, ఎంవీపీ కాలనీ:
నీలో లోపమేం లేదమ్మా. నేను ఓడల్లో చీఫ్ ఇంజినీరుగా చేసి రిటైరయ్యాను. ఒకసారి జర్మన్ సూపరింటెండెంట్ కేకలేస్తుంటే మా శ్రీకాకుళం కుర్రాడు చేతిలో స్పానర్‌తో నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. వాడిది మర్యాద. ఆయనకేమో ఏదో దాస్తున్నాడని అనుమానం. "మా వైపు పెద్దల ముందు ఇలాగే నిలబడతారు" అని నేను చెప్పాకే ఆయన చల్లబడ్డారు. నువ్వూ మీ మేనేజర్‌తో ఆ మాట ధైర్యంగా అను.

అలాగని ఎవరినీ రెప్పవేయకుండా చూడక్కర్లేదు. లండన్ సైన్స్ మ్యూజియంలో దాదాపు 500 మందిని పరీక్షించి 2016లో ప్రచురించారు: ఎదుటి మనిషి చూపు సగటున 3.3 సెకన్లు ఉంటేనే హాయిగా అనిపించిందట. ఆలోచిస్తూ మాట్లాడేటప్పుడు ఎవరైనా పక్కకి చూస్తారు. వాక్యం ముగించేటప్పుడు మాత్రం ఆయన వైపు చూడు. వీడియో కాల్‌లో ఇంకో చిక్కుంది. నువ్వు స్క్రీన్ మీద ఆయన ముఖం చూస్తుంటే, కెమెరా పైన ఉంటుంది కాబట్టి ఆయనకి నువ్వు కిందికి చూస్తున్నట్టే కనపడుతుంది. ముఖ్యమైన మాట కెమెరాని చూసి చెప్పు.

మధురవాడ నుంచి:
నేను జపాన్ వాళ్ళతో పనిచేశాను. అక్కడ చూపు మెడ దగ్గర, టై ముడి దగ్గర నిలపడం మామూలే. ఫిన్లాండ్, జపాన్ వాళ్ళని పోల్చిన 2013 నాటి అధ్యయనంలో, సూటిగా చూసే ముఖం జపాన్ వాళ్ళకి ఎక్కువ కోపంగా అనిపించింది. కాబట్టి అక్కడ మీ అలవాటే మీకు కలిసొస్తుంది. మీటింగ్‌లో పెద్దాయన కళ్ళు మూసుకుంటే నిద్రపోతున్నారనుకోకండి, శ్రద్ధగా వింటూ ఉండొచ్చు.

సిరిపురం నుంచి:
చెల్లీ, ఇది ఒక్క పెద్దల మర్యాద సంగతే కాదు. కాంప్లెక్స్‌లో బస్సు కోసం నిలబడ్డ ప్రతి ఆడపిల్లా ఎవరి కళ్ళలోనూ పడకుండా చూపు తిప్పుకోవడం నేర్చుకుంటుంది. అది ఆఫీసులోకీ వస్తుంది. చూపు సంగతి నెమ్మదిగా సాధన చెయ్యి. ఆ అప్రైజల్ మాటకి మాత్రం నీ రిపోర్టులు జతచేసి రాతపూర్వకంగా జవాబివ్వు. ఊరుకోవద్దు.

గాజువాక అమ్మాయి:
థాంక్సండీ. ల్యాప్‌టాప్ కింద పుస్తకాలు పెట్టి కెమెరా ఎత్తు సరిచేశాను. అక్కా, జవాబు మేనేజర్‌కే పంపాలా, హెచ్ఆర్‌కి కూడానా?

సిరిపురం నుంచి:
ఇద్దరికీ. ఒకే మెయిల్‌లో.