పక్క రాష్ట్రంలోని ఆనకట్టకు మన ఖజానా డబ్బు పెట్టాలా?

నగరవాసి:
రాజోలిబండ గురించి అడుగుతున్నా. తుంగభద్ర మీద పాత ఆనకట్ట. ఎడమ కొన కర్ణాటకలోని రాయచూరు జిల్లాలో, కుడి కొన కర్నూలు జిల్లాలో ఉంది. ఎడమ కాలువ (రాజోలిబండ డైవర్షన్ స్కీం, ఆర్డీఎస్) ఆయకట్టులో ఎక్కువ భాగం తెలంగాణది. ఆనకట్ట ఆధునికీకరణకు డబ్బు మన రాష్ట్రం కర్ణాటక దగ్గర డిపాజిట్ చేసింది, పని చేయాల్సింది వాళ్లు. కర్నూలు వైపు అభ్యంతరాలతో ఆ పని ఏళ్ల తరబడి నలిగింది. మన అజమాయిషీ లేని చోట మన పన్నుల డబ్బు ఎందుకు పెట్టాలి?

ఐజ_రైతు:
హైదరాబాద్‌లో కూర్చుంటే అట్లనే అనిపిస్తది సార్. కాలువ పొడవు 143 కిలోమీటర్లు. మొదటి 40 కిలోమీటర్లకు పైగా కర్ణాటకలోనే. తల అక్కడ, తోక మా దగ్గర. అక్కడ పెట్టకుండా ఇక్కడ ఎంత సిమెంటు పోసినా చుక్క రాదు. కాగితం మీద మాకు 87,500 ఎకరాల ఆయకట్టు. చివరి డిస్ట్రిబ్యూటరీల కింద ఉన్నోళ్లను అడగండి, ఎన్నేళ్లు బోర్ల మీద బతికారో. మా నాయన అప్పు చేసి వేయించిన బోర్లు ఇప్పటికీ చేన్ల మధ్య రంధ్రాలుగా ఉన్నాయి.

చదువరి:
కృష్ణా జలాలను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఆర్డీఎస్‌కు ఇచ్చింది 17.1 టీఎంసీలు. ముందు అది రాయండి.

ఐజ_రైతు:
మాకు 15.9.

చదువరి:
17.1 మొత్తం. అందులో 1.2 కర్ణాటకది. రెండూ కలిపి రాస్తేనే లెక్క.

కేసీ_కాలువ:
డబ్బు పెట్టండి, ఎవరు వద్దన్నారు? రిపేరు అని మొదలుపెట్టి ఎత్తు పెంచితే కింద సుంకేసుల బ్యారేజీకి ఏమొస్తుంది? అక్కడ మొదలయ్యే మా కేసీ (కర్నూలు-కడప) కాలువ బ్రిటిష్ కాలం నాటిది. 2023లో పైన తుంగభద్ర డ్యాం నిండలేదు, నారు పోసి వదిలేశాను. ఆఫీసుకు పోతే పైనుంచి రాలేదు అన్నారు. పైన ఎవరు అంటే ఇంకో ఆఫీసు పేరు చెప్పారు.

నగరవాసి:
నా ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు. డబ్బు ఇచ్చాక ఆడిట్ ఎవరిది?

బళ్లారి_తెలుగు:
హోస్పేట దగ్గరి ఆ తుంగభద్ర డ్యామే చూడండి. 1953 నుంచి తుంగభద్ర బోర్డు ఉంది. డ్యాం మా జిల్లాల వైపు, ఖర్చు మాత్రం నీటి వాటా ప్రకారం రాష్ట్రాలన్నీ పంచుకుంటాయి. 2024 ఆగస్టులో 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు స్టాప్‌లాగ్ (గేటు బదులు నీళ్లను ఆపే ఉక్కు పలకలు) దించే పనికి ముందు నిలబడింది గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు, మన తెలుగాయనే. వరద పోతుండగానే దించారు. ఇది ఎవరి గేటు అని ఆ రోజు ఎవరూ అడగలేదు.

నగరవాసి:
బాగుంది. మరి ఆ గొలుసు తెగేదాకా బోర్డు ఏం చేసింది? 33 గేట్లూ మార్చాలని నిపుణులు చెప్పేదాకా ఎందుకు ఆగారు? అందరిదీ అంటే ఎవరిదీ కాదు. నేను అనేదీ అదే.

బళ్లారి_తెలుగు:
దెబ్బ మాకూ తగిలింది బ్రదర్. 2025లో గేట్లకు భయపడి డ్యాంలో 80 టీఎంసీల దగ్గరే ఆపారు. 105 పట్టే డ్యాం అది. అయినా బోర్డు ఉంది కాబట్టి ఎవరిని అడగాలో తెలుసు. రాజోలిబండ దగ్గర అదీ లేదు కదా.

కేసీ_కాలువ:
ఐజ అన్నా, తుమ్మిళ్ల లిఫ్టు గురించి ఒక్క ముక్క మాట్లాడవేం? 2018 నుంచి మా సుంకేసుల వెనక నీళ్లే తోడుతున్నారు. పైన కాలువా కావాలి, కింద మోటార్లూ కావాలి. మేమేం తాగాలి?

ఐజ_రైతు:
కాలువకు నీళ్లొస్తే మోటార్లు ఎందుకు పెట్టుకుంటాం? కరెంటు బిల్లు కట్టి మా వాటా మేమే తోడుకోవాల్సిన గతి ఎవరివల్ల పట్టింది? పని ఆపించింది మీ వాళ్లు కాదా? చేతులతో ఆపి, నోటితో నీతులు చెప్తారు.

కేసీ_కాలువ:
నోరు జాగ్రత్త. పని ఆపినోళ్లు దొంగలా? రైతులు వాళ్లు.

నిర్వాహకుడు:
ఇద్దరూ తగ్గండి. ఇంకో తిట్టు కనిపిస్తే చర్చ మూసేస్తాను.

కేసీ_కాలువ:
సరే, సూటిగా అడుగుతా. రేపు ఆనకట్ట బాగుచేశారు, ఎత్తు అంగుళం కూడా పెరగలేదు అనుకో. పైన నీళ్లు కొలిచే గేజి దగ్గర రోజూ లెక్క రాసేది ఎవరు?

ఐజ_రైతు:
కర్ణాటక ఇంజనీర్లు.

కేసీ_కాలువ:
ఆనకట్ట కుడి కొన మా గడ్డ మీద ఉంది, కింద ఆధారపడింది మేము. అయినా ఆ పుస్తకం మాకు చూపరు. మా భయం సిమెంటు గురించి కాదు. మా మనిషి ఒకడు అక్కడ ఉండాలి.

ఐజ_రైతు:
మాకు మాత్రం చూపుతారా? ఇన్ని నీళ్లు కావాలని ఇండెంట్ పెట్టినా ఎన్ని క్యూసెక్కులు వదిలారో మా సరిహద్దు దగ్గర నీళ్లు చూస్తేనే తెలుస్తది. మీ మనిషి ఉండాలంటే ఉండనీ, మా మనిషీ ఉంటాడు. కానీ ముందు పని కానియ్యండి.

కేసీ_కాలువ:
ముందు మనిషి, తర్వాత పని.

ఐజ_రైతు:
మీ మనిషిని పెట్టాల్సింది మూడు ప్రభుత్వాలు. అదయ్యేలోపు నా కొడుకుకు కూడా జుట్టు నెరుస్తది.

నగరవాసి:
అయితే నేను అడిగిందే కదా. డబ్బుతో పాటు లెక్క చూసే హక్కు కూడా ఒప్పందంలో రాయించుకోవాలి.

ఐజ_రైతు:
మీరు అడిగింది డబ్బు ఎందుకని. అది వేరే.

చదువరి:
ఇంకా ఎవరూ 17.1 అని సరిచేయలేదు.