30 అడుగుల చెక్క టవర్: కాళ్లు పాతాలా, దిమ్మెల మీద నిలపాలా?

నర్సంపేట దగ్గర మా మామిడి తోటలో 30 అడుగుల చెక్క టవర్ కట్టాలనుకుంటున్నాం. పైకెక్కితే పాకాల వైపు అడవి, గుట్టలు కనిపించాలి. ఆరుగురు నిలబడేంత చోటు చాలు. చేనులో మంచె వేయడం మా వాళ్లకు కొత్త కాదు గానీ ఇంత ఎత్తుది ఎవరూ వేయలేదు.

నాలుగు కాళ్లకు టేకు దుంగలు అనుకున్నాం. టేకు చేవను చెదలు అంతగా ముట్టవు, చుట్టూ ఉండే తెల్ల చెక్కను మాత్రం వదలవు. నేలలో పాతితే మట్టి మట్టం దగ్గర కుళ్లుతుందని, కాంక్రీట్ దిమ్మెల మీద ఇనుప షూలు (కాలు అడుగును పట్టి ఉంచే తొడుగులు) పెట్టి బోల్టులు బిగించమని తెలిసిన ఇంజినీర్ అన్నారు. మా వడ్రంగేమో పాతితేనే గాలికి ఆగుతుందంటాడు. నాకైతే ఇంజినీర్ మాటే నచ్చింది. కానీ ఈదురుగాలికి టవర్ లేవకుండా దిమ్మె బరువు ఎలా లెక్కగట్టాలి? మాది నల్లరేగడి, ఎండాకాలం నెర్రెలిస్తుంది. పునాది ఎంత లోతుకు పోవాలి?

ఇంకోటి, ఊగకుండా ఏటవాలు కట్టెలు నాలుగు వైపులా వేయాలంటున్నారు. మెట్లున్న వైపు అవి అడ్డొస్తున్నాయి. మెట్లు బయటికి జరపాలా, మూడు వైపులు సరిపోతాయా? ఇలాంటిది కట్టినవాళ్లు ఉంటే చెప్పండి, ఫొటోలు ఉంటే మరీ మంచిది.