కొరాపుట్‌లో కొత్త కాపురం: పెరడు, సంత, ఆదివారం షికారు గురించి కాస్త చెప్పండి

తెనాలి కోడలు

అందరికీ నమస్కారం. మావారికి ట్రాన్స్‌ఫర్ అయ్యి ఎండాకాలం చివర్లో ఒడిశాలోని కొరాపుట్ వచ్చాం. ఇద్దరు పిల్లలు. ఊరు బాగుంది, చల్లగా ఉంది, ఇరుగుపొరుగు మంచివాళ్లు, బజారులో తెలుగుతోనే పని నడిచిపోతోంది. ఒక్క ఇంటి ఖర్చు దగ్గరే టెన్షన్. సోనామసూరి, ఇడ్లీ రవ్వ, చింతపండు, కందిపప్పు అన్నీ ఒకే షాపులో తెస్తున్నాం, ఏది అడిగినా "వైజాగ్ నుంచి రావాలి కదమ్మా" అని ఒక మాట, దాని మీద ఒక రేటు.

ఇంటి వెనక రెండు మంచాలు వేసేంత పెరడు ఉంది, అంతా ఎర్రమట్టి. సెప్టెంబరు చివర్లో గోంగూర విత్తనాలు చల్లాను, జానెడు ఎత్తు కూడా రాకుండానే పూత పెట్టేసింది. మా ఊళ్లో ఎప్పుడూ ఇలా చూడలేదు. కరివేపాకు మొక్క ఏమో చలి మొదలైన దగ్గర్నుంచీ ఆకు పసుపు తిరిగి రాలిపోతోంది, రోజూ నీళ్లు పోస్తూనే ఉన్నాను. దోసెల పిండి రాత్రి రుబ్బి పెడితే పొద్దున ఎక్కడిదక్కడే ఉంటోంది.

ఇంకోటి, ఆదివారం వస్తే పిల్లలు ఇంట్లో ఉండనంటున్నారు. మాకు స్కూటీ ఒకటే ఉంది, టాక్సీ మాట్లాడుకుంటే ఆ నెల బడ్జెట్ అక్కడే అయిపోతుంది. తక్కువ ఖర్చులో వెళ్లొచ్చే చోట్లు చెప్పండి. ఇక్కడ చాన్నాళ్లుగా ఉంటున్నవాళ్లు ఎవరైనా ఉంటే ప్లీజ్.

జయపురం పాతకాపు

అమ్మాయ్, ముందు గోంగూర సంగతి. నీ విత్తనం తప్పేం లేదు, మట్టి తప్పూ లేదు. గోంగూర పొద్దు తగ్గితే పూతకొచ్చే జాతి. దసరా దాటాక పగలు చిన్నదవుతుంది, మొక్క ఎంత ఎత్తుందో దానికి పట్టదు, పువ్వు పెట్టేస్తుంది, దానికి తోడు ఇక్కడి చలికి ఎదుగుదల కూడా ఆగిపోతుంది. జూన్‌లో మొదటి వాన పడగానే చల్లు, వానాకాలమంతా కోసుకుంటూనే ఉంటావు. ఇప్పుడున్నవి పీకెయ్యకు, బలంగా ఉన్న రెండు మూడు మొక్కలు విత్తనానికి వదిలెయ్, మిగతావాటి చిగుళ్లు పప్పులో వేసెయ్.

కరివేపాకుకి ఇప్పుడు నీళ్లే శత్రువు. చలిలో అది నిద్రలో ఉంటుంది, వేరు తాగదు, నువ్వు రోజూ పోస్తే వేరు కుళ్లుతుంది. పైమట్టిలో వేలు పెట్టి చూసి, వేలికి తడి తగలకపోతేనే పొయ్యి. మొక్క మొదలు చుట్టూ ఎండాకులు కప్పు. చచ్చిందనుకుని పీకేసేవాళ్లు చాలామంది ఉన్నారు, ఫిబ్రవరి వెళ్లేసరికి కణుపుల దగ్గర ఎర్రటి చిగురు కనపడుతుంది, అప్పుడు కొమ్మల చివర్లు గిల్లి పశువుల ఎరువు వెయ్.

ఎర్రమట్టి అంటావా, ఇక్కడ వానలకి పైసారమంతా కొట్టుకుపోయి మట్టి పులుపెక్కుతుంది. కట్టెల పొయ్యి బూడిద ఎవరింట్లో దొరికినా తెచ్చుకో, అది ఉత్తపుణ్యానికి దొరికే మందు. గుప్పెడు గుప్పెడే చల్లి కలుపు, కుప్పగా పోస్తే మొక్క మాడుతుంది. పొడి సున్నం వెయ్యాలంటే విత్తడానికి నెల ముందే వేసి కలిపెయ్యాలి, సున్నం, పేడ ఎరువు రెండూ ఒకేసారి కలపకూడదు, ఎరువులో సత్తువ గాలికి పోతుంది. పచ్చిపేడ అసలే వద్దు, చెదలు వస్తాయి.

ఈ చలికాలాన్ని మాత్రం వదులుకోకు. మీ తెనాలిలో డబ్బు పెట్టి కొనే క్యారెట్, బటానీ, ముల్లంగి ఇక్కడ పెరట్లో హాయిగా వస్తాయి. మెంతులకి విత్తనాల షాపుకి వెళ్లక్కర్లేదు, పోపుల డబ్బాలోవే చాలు. ధనియాలు మాత్రం చెప్పు కింద వేసి మెల్లిగా నలిపి రెండు బద్దలు చేసి, రాత్రంతా నానబెట్టి చల్లు. చలికి మొలక రావడం కాస్త ఆలస్యమవుతుంది, తొందరపడి మళ్లీ తవ్వకు.

ఏప్రిల్, మే నెలల్లో అల్లం, పసుపు పెట్టుకో. పాత సిమెంటు బస్తాలు చాలు, అడుగున కన్నాలు పొడిచి సగం మట్టి, సగం మాగిన ఎరువు. ఇది అల్లం పండే దేశం, పొట్టంగిలో ఉన్న పరిశోధన కేంద్రం నుంచే సుప్రభ, సురుచి అనే అల్లం రకాలు, రోమా, సురోమా అనే పసుపు రకాలు వచ్చాయి. మన కోస్తా వాళ్లు ఇక్కడికొచ్చి కూడా ప్యాకెట్ అల్లం వెల్లుల్లి పేస్టు కొంటారు, అదేం సరదానో నాకు అర్థం కాదు.

విత్తనాలు పక్కింటి వాళ్లను అడుగు, సిగ్గుపడకు. విత్తనం దాచుకోవడం, పంచుకోవడం ఈ జిల్లా అలవాటు. మా జయపురం దగ్గర పాత్రాపుట్ ఊరి కమలా పూజారి వరి విత్తనాలు అలా దాచి దాచే 2019లో పద్మశ్రీ అందుకుంది.

సునాబెడ వదిన

పెద్దమ్మగారు పెరడు సంగతి చెప్పేశారు కాబట్టి నేను వంటింటికి వస్తాను. ఖర్చు తగ్గాలంటే ముందు బియ్యం చూడండి. ఇక్కడ ఉసునా అంటే ఉప్పుడు బియ్యం చవక, ఎక్కడైనా దొరుకుతుంది. అన్నానికి మన నోటికి పట్టకపోవచ్చు గానీ ఇడ్లీకి అంతకన్నా మంచి బియ్యం లేదు, మీరు రవ్వ కొనడం మానేయొచ్చు. అన్నానికి అరువా, అంటే పచ్చి బియ్యం, లోకల్ మిల్లులోది అడగండి. కాలాజీరా అని సన్నగా, పొట్టు నల్లగా, మంచి వాసనతో ఒక రకం ఉంటుంది, 2024లో జీఐ ట్యాగ్, అంటే ఈ ప్రాంతం సరుకని గుర్తింపు, కూడా వచ్చింది. పరమాన్నానికి, పండగపూట పులావుకి ఒక కిలో తెచ్చుకోండి, రోజూ వండితే పొదుపు మాట మర్చిపోవాల్సిందే.

రాగులు (ఇక్కడ మాండియా అంటారు) సంతలో గింజలుగా కొని, కడిగి, ఆరబెట్టి, పిండిమరలో ఆడించుకోండి. దోసెల్లో బియ్యం తగ్గించి రాగిపిండి కలపడం మొదలుపెట్టాక మా పిల్లలు తెల్ల దోసె అడగడమే మానేశారు. చింతపండు మార్చి, ఏప్రిల్‌లో అడవి నుంచి సంతకు వస్తుంది, ఏడాదికి సరిపడా ఒక్కసారే కొనండి. గింజ, ఈనె తీసి, రెండు ఎండలు చూపించి, రాళ్ల ఉప్పు కలిపి జాడీలో గట్టిగా అదిమి పెడితే వచ్చే చింతపండు కాలం దాకా చెక్కుచెదరదు. కాకపోతే నల్లబడుతుంది, కంగారు పడకండి, రుచి పెరుగుతుంది.

పిండి పొంగకపోవడం చలి వల్లే. మినప్పప్పుతో పాటు అర చెంచా మెంతులు నానెయ్యండి, రుబ్బేటప్పుడు గోరువెచ్చటి నీళ్లు వాడండి, రాత్రి వంట అయ్యాక గిన్నెను పాత దుప్పటిలో చుట్టి పొయ్యి గట్టు మీద పెట్టండి. జనవరిలో ఇది కూడా సరిపోదు, ఇంకో పూట ఆగాల్సిందే, కాబట్టి సాయంత్రం బదులు మధ్యాహ్నమే రుబ్బేయండి. సోడా వెయ్యకండి, ఎందుకంటే పొంగినట్టు కనపడుతుంది గానీ పులుపు రాదు.

సంత గురించి ఒక చిట్కా. సాయంత్రం నాలుగు దాటాక వెళ్తే కూరలు సగం ధరకే ఇచ్చేస్తారు, కుప్ప మొత్తం తీసుకుంటే ఇంకా తగ్గిస్తారు. నేనయితే అప్పుడే వెళ్తాను.

నాగావళి ఒడ్డు

నేను రాయగడ నుంచి. వదినగారు అన్నీ బాగా చెప్పారు గానీ ఆ ఆఖరి చిట్కా నాకు నచ్చలేదండీ, ఏమనుకోకండి. నాలుగింటికి కూరలమ్మే ఆవిడ సగం ధరకి ఎందుకిస్తుంది? ఆ బరువు మళ్లీ తలమీద పెట్టుకుని చీకటి పడేలోపు కొండెక్కి ఊరికి చేరలేదు కాబట్టి ఇస్తుంది. అసలు సంత దాకా రాకుండానే దారి మలుపులో దళారులు కాసుకుని సగం బుట్ట తక్కువకి లాగేసుకుంటారు, మిగిలిన సగమే మన ముందుకొస్తుంది. షాపువాడి దగ్గర నోరెత్తకుండా రాసిన ధర ఇచ్చి, ఈమె దగ్గర ఐదు రూపాయలకి గీసి గీసి బేరమాడటం పొదుపు అనిపించుకోదు. పొద్దున్నే వెళ్లండి, సరుకు తాజాగా ఉంటుంది, తోటకూర వాడి ఉండదు, రెండు రోజులు ఎక్కువ నిలవుంటుంది, లెక్క అక్కడే సరిపోతుంది. చిల్లర తీసుకెళ్లండి, గుడ్డ సంచి తీసుకెళ్లండి. వానాకాలంలో వచ్చే అడవి పుట్టగొడుగులు మాత్రం మీకు తెలిసిన రకమైతేనే, తెలిసినవాళ్లు పక్కనుంటేనే కొనండి. మనంతట మనం అడవిలో ఏరుకోవడం అసలొద్దు.

ఇక షికారు. ముందు మీ ఊళ్లోదే చూడండి, శబర శ్రీక్షేత్రం, కొండ మీద జగన్నాథ స్వామి గుడి, పక్కనే గిరిజన మ్యూజియం. పిల్లలకి ఒక పూట గడిచిపోతుంది, పెద్ద ఖర్చు ఉండదు. కొలాబ్ జలాశయం కూడా మీకు దగ్గరే, పులిహోర కట్టుకుని పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి వచ్చేయొచ్చు. నీళ్ల అంచుకి మాత్రం పిల్లల్ని వదలకండి.

వలిసె పూలు చూశారా? అక్టోబరు, నవంబరుల్లో సిమిలిగుడ నుంచి పొట్టంగి వైపు వెళ్తుంటే దారి పొడుగునా కొండవాలు పసుపుపచ్చగా ఉంటుంది. అరకులో దాన్నే చూడటానికి జనం హోటల్ రూములు బుక్ చేసుకుని వస్తారు, మీకు బస్సు టికెట్టుతో పోతుంది. మడిలోకి దిగి తొక్కకండి, అది వాళ్ల నూనెగింజల పంట, గట్టు మీద నిలబడి చూడొచ్చు. దేవమాలి కూడా అటువైపే, 1,672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తయిన కొండ. పై దాకా దాదాపు రోడ్డు ఉంది గానీ స్కూటీ మీద నలుగురు ఎక్కడం అయ్యే పని కాదు, ఇంకో రెండు కుటుంబాలతో కలిసి జీపు మాట్లాడుకుంటే తలా కొంచెం పడుతుంది. గాలి విపరీతం, చెవులకి మఫ్లరు కట్టండి. దుడుమ జలపాతం 175 మీటర్లు, చూసి తీరాల్సిందే, కాకపోతే అది మాచ్‌కుండ్ దాకా దూరం, పిల్లలు కొంచెం పెద్దయ్యాక పెట్టుకోండి.

నన్నడిగితే అన్నిటికన్నా చవకైన షికారు రైలు. కొరాపుట్ నుంచి రాయగడ లైన్లో వంతెనలు, సొరంగాలు వరసపెట్టి వస్తాయి, పిల్లలు ప్రతి సొరంగానికీ కేకలు పెడుతూనే వస్తారు. రాయగడలో దిగితే మజ్జిగౌరమ్మ దర్శనం, మన శ్రీకాకుళం, పార్వతీపురం జనమే అక్కడ సగం ఉంటారు. అటువైపు కిరండూల్ లైన్లో అరకు వెళ్లి రావచ్చు. ఒక్క మాట, ఆ దారిలో శిమిలిగుడ అని స్టేషన్ వస్తుంది, అది ఆంధ్రాలోది, మీ దగ్గరి సిమిలిగుడ టౌను కాదు.

చాటికొన బుధవారం సంత, ఓనుకుడెల్లి గురువారం సంత గురించి ఎవరో ఒకరు మీకు చెప్తారు. డొంగ్రియా కొంధులు, బొండాలు అనే గిరిజనులు వస్తారని అక్కడికి కెమెరాలు వేసుకుని పోయేవాళ్లు ఉన్నారు. అది వాళ్ల ఉప్పు, కిరసనాయిలు కొనుక్కునే రోజు, మనకి ప్రదర్శన కాదు. వెళ్తే ఫోన్ సంచిలో పెట్టి, కావాల్సింది కొనుక్కుని రండి.

సునాబెడ వదిన

అన్నయ్యగారూ, నేను అలా ఆలోచించలేదన్నది నిజం కాదు, ఆలోచించాను. ఎవరూ కొనకపోతే ఆ కూర అక్కడే పారబోసి వెళ్తారు, అది కూడా కళ్లారా చూశాను. కొన్నప్పుడు వాళ్లడిగిన రేటు ఇస్తే సరిపోతుంది కదా, బేరం ఆడమని నేను అనలేదు. సరే, మీరు పొద్దున వెళ్లండి, నేను సాయంత్రం వెళ్తాను.

తెనాలి కోడలు

అందరికీ చాలా థాంక్స్. పెద్దమ్మా, కరివేపాకుకి ఇవాళ్టి నుంచే నీళ్లు ఆపేశాను. ఈ ఆదివారం గుడి, మ్యూజియం, వచ్చే నెల రాయగడ రైలు అని పిల్లలకి చెప్పేశాను, వాళ్లకి ఇప్పట్నుంచే నిద్ర లేదు. వదినా, ఉసునా బియ్యం ఇడ్లీకి కొలత ఎంత? రవ్వలా ఆడించాలా, నానబెట్టి రుబ్బాలా?

సునాబెడ వదిన

నానబెట్టి రుబ్బడమే. నాలుగు గ్లాసుల ఉసునాకి ఒక గ్లాసు మినప్పప్పు, విడివిడిగా నానెయ్యాలి. బియ్యం ఐదారు గంటలైనా నానాలి, గింజ గట్టిది. పప్పు మెత్తగా, నురగ వచ్చేలా రుబ్బండి, బియ్యం మాత్రం చేత్తో తీస్తే సన్న రవ్వలా తగలాలి. ఉప్పు వేసి చేత్తోనే కలపండి. గ్రైండర్ లేక మిక్సీ అయితే కొంచెం కొంచెంగా వేసి మధ్యలో ఆపుతూ తిప్పండి, వేడెక్కితే ఇడ్లీ గట్టిపడుతుంది.